సైలెన్సర్ పైపు జాయింట్ దగ్గర పట్టేసింది, రెండు రోజులుగా కొడుతున్నా ఊడట్లేదు, ఏం చెయ్యాలి?

ముందు ఆ సుత్తి పక్కన పెట్టండి. వెనక సైలెన్సర్‌కి చిల్లు పడింది, కొత్తది తెచ్చి పెట్టుకున్నారు, జాయింట్‌ని బిగించి పట్టుకునే క్లాంప్ కూడా విప్పేశారు, కానీ మధ్య పైపు నుంచి సైలెన్సర్ పైపు వెంట్రుకవాసి కూడా కదలట్లేదు, ఇదే కదా మీ గోల. నేనూ మొదటిసారి అచ్చం ఇలాగే కారు కింద పడుకుని, రెండు కాళ్లూ టైరుకి తన్నిపెట్టి బలమంతా పెట్టి లాగాను, పైపు రాలేదు గానీ కారు స్టాండ్ల మీద కొంచెం ఊగింది. నా గుండె ఆగినంత పనైంది. అందుకని మొదటి మాట, జాకీని నమ్మి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టి, నేల మీదున్న చక్రాలకి అడ్డం పెట్టి, కారుని ఒకసారి చేత్తో గట్టిగా నెట్టి చూసి అప్పుడు దూరండి. కళ్లజోడు కూడా పెట్టుకోండి, పైకి చూస్తూ పని చేస్తాం కాబట్టి తుప్పు రజను తిన్నగా కళ్లలోకే రాలుతుంది.

అసలు అది లాగితే ఎందుకు రాదంటే, తుప్పు అనేది ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, రెండు పైపుల మధ్య ఉన్న ఆ కాస్త సందులో తుప్పు ఉబ్బి మేకు దిగ్గొట్టినట్టు బిగుసుకుంటుంది. దాని మీద యూ బోల్టు క్లాంప్ ఉందనుకోండి, అది బిగించినప్పుడు బయటి పైపుని నొక్కి లోపలి పైపులోకి గాడి దించేస్తుంది. క్లాంప్ తీసేసినా ఆ గాడి అలాగే ఉంటుంది. మీరు తిన్నగా లాగుతున్నంతసేపూ ఆ గాడితో కుస్తీ పడుతున్నట్టే లెక్క.

ఇప్పుడు అసలు ప్రశ్న. రెండిట్లో ఏ పైపు ఉంచుకోవాలి, ఏది పారేసేది? నవ్వకండి, నేను ఇది ఆలోచించకుండానే పెద్ద పైప్ రెంచ్ తెచ్చి ఉంచుకోవాల్సిన మధ్య పైపు మూతి దగ్గరే పట్టుకుని తిప్పాను, అది గుండ్రంగా ఉన్నది కాస్తా కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది, పాతది ఎలాగో ఊడింది గానీ కొత్త సైలెన్సర్ దాంట్లోకి ఎక్కదు, చివరికి మధ్య పైపు కూడా కొత్తది కొనాల్సి వచ్చింది. మీ దాంట్లో పోయేది సైలెన్సర్, ఉండేది మధ్య పైపు. కాబట్టి దెబ్బలు, కోతలు, నొక్కుళ్లు అన్నీ సైలెన్సర్ వైపే.

ఆయిల్ సంగతి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మంచి పెనెట్రేటింగ్ ఆయిల్, అంటే సన్న సందుల్లోకి దిగి తుప్పు పట్టు వదిలించే ఆయిల్, జాయింట్ చుట్టూ కొట్టి రాత్రంతా వదిలెయ్యండి, మధ్యలో రెండు మూడుసార్లు మళ్లీ కొట్టండి. అందరి ఇళ్లలో ఉండే డబ్ల్యూడీ 40 ఉంటుంది చూడండి, దాని పేరే నీటిని తోసెయ్యడం అనే అర్థంలో పెట్టింది, ఆ 40 అంటే 40వ ప్రయత్నంలో కుదిరిన ఫార్ములా అని, కాబట్టి తేమ వదిలించడానికి బాగుంటుంది గానీ ముదిరిన తుప్పుకి పెనెట్రేటింగ్ అని ప్రత్యేకంగా రాసి ఉన్నదే తీసుకోండి. అయినా ఆయిల్ మీద మరీ ఆశలొద్దు, ఈ జాయింట్‌లో అది అంచు దగ్గర కొంచెం దిగుతుంది అంతే. బోల్టులకైతే మాత్రం బాగా పనిచేస్తుంది.

తర్వాత లాగడం మానేసి తిప్పడం మొదలుపెట్టండి. తుప్పు పట్టు వదిలేది మెలితిప్పితేనే, ఒకసారి కొంచెం కదిలిందంటే అటూ ఇటూ ఊపుతూ మెల్లగా బయటికి తెచ్చుకోవచ్చు. సైలెన్సర్‌ని వేలాడదీసే రబ్బరు హ్యాంగర్లు ముందే తీసెయ్యాలి, వాటికి సబ్బునీళ్లు రాస్తే జారి వచ్చేస్తాయి, ఉంచుకునే రబ్బర్లయితే ఆయిల్ మాత్రం రాయకండి ఉబ్బిపోతాయి. ఇక్కడ నాకు చాలా ఆలస్యంగా తట్టిన విషయం ఒకటుంది. సైలెన్సర్ పైపు ఒంపులు తిరిగి ఉంటుంది కాబట్టి పూర్తిగా తిప్పడానికి చోటుండదు, ఏదో ఒకదానికి తగులుతుంది. మరి పారేసేదాని మీద జాలెందుకు, జాయింట్‌కి ఒక అడుగు వెనకాల హ్యాక్‌సాతో కోసి సైలెన్సర్‌ని పక్కన పడేశారంటే మిగిలేది పొట్టి ముక్క, దాన్ని పైప్ రెంచ్‌తో పట్టుకుని హాయిగా తిప్పొచ్చు. ఇంకో మనిషి ఉంటే మధ్య పైపుని కదలకుండా పట్టుకోమనండి, లేకపోతే ఆ మెలిక అంతా ముందున్న ఫ్లెక్స్ పైపు, అంటే వంగే అల్లిక పైపు, మీద పడి అది చిరుగుతుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషాన్ని తగ్గించే డబ్బా) దగ్గర్లో ఉంటే సుత్తి అస్సలు వద్దు, లోపల ఉండేది పింగాణీ లాంటి తేనెపట్టు, పగిలిందంటే సైలెన్సర్ ఖర్చు దాని ముందు చిల్లర. పైపుకి బిగించి ఉండే ఆక్సిజన్ సెన్సర్ వైరు కూడా తెగకుండా చూసుకోండి.

వేడి పెట్టమని చాలామంది చెప్తారు, పనిచేస్తుంది కూడా, లెక్క చూడండి, 50 మిల్లీమీటర్ల ఉక్కు పైపుని 400 డిగ్రీలు వేడెక్కిస్తే వ్యాసం పావు మిల్లీమీటరు దాకా పెరుగుతుంది, తుప్పు పట్టు వదలడానికి అది చాలు. కానీ బయటి పైపు ఒక్కటే వేడెక్కాలి, గబగబా వేడి చేసి లోపలిది వేడెక్కేలోపే తిప్పెయ్యాలి. నేనైతే ఇంట్లో చేసేవాళ్లకి ఇది చెప్పను, ఎందుకంటే పెట్రోల్ ట్యాంకు, ఫ్యూయల్ పైపులు, బ్రేక్ పైపులు అన్నీ ఆ చుట్టుపక్కలే ఉంటాయి, పైగా మీరు రాత్రంతా ఆయిల్ తడిపి పెట్టారు, అది అంటుకుంటుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట పెడితే విషవాయువు పుడుతుంది, ఆ ప్రయోగం మాత్రం చెయ్యకండి.

గంటసేపు తిప్పినా కదల్లేదా, అయితే కోసెయ్యండి, అందులో నామోషీ ఏం లేదు. సైలెన్సర్ పైపు బయట, మధ్య పైపు లోపల ఉంటే పని తేలిక, రెండూ కలిసి ఉన్నంత మేర బయటిదాన్ని పొడుగ్గా చీరాలి, ఎదురుగా ఇంకో చీలిక పెట్టి, స్క్రూడ్రైవర్ దూర్చి మెలిపెడితే అరటితొక్కలా విచ్చుకుంటుంది. గ్రైండర్ వాడితే చెయ్యి తేలిగ్గా ఉంచండి, నిప్పురవ్వలు ట్యాంకు వైపు పోకుండా చూసుకోండి, చివరి పొర హ్యాక్‌సా బ్లేడుతో చెయ్యడం మేలు. లోపలి పైపు మీద చిన్న గీత పడితే కంగారు పడకండి, జాయింట్ లీక్ కాకుండా రాసే ఎగ్జాస్ట్ పేస్ట్ కప్పేస్తుంది. అదే సైలెన్సర్ పైపు లోపల ఉండి మధ్యది బయట ఉంటే కొంచెం ఓపిక కావాలి, ముక్క అర అంగుళం బయటికి ఉండేలా కోసి, ఉత్త బ్లేడుకి ఒక చివర గుడ్డ చుట్టి పట్టుకుని లోపలి నుంచి చీలిక కొయ్యాలి, తర్వాత సన్న ఉలితో ఆ అంచుని లోపలికి మడిచేస్తే అది ముడుచుకుని వదిలేస్తుంది. నాకు దానికి ఒక సాయంత్రం పూర్తిగా పట్టింది, వేళ్ల మీద తోలు లేచిపోయింది, కానీ బయటి పైపు చెక్కు చెదరలేదు.

బిగించేటప్పుడు ఎమెరీ కాగితంతో రుద్ది, మళ్లీ పట్టెయ్యకుండా ఉండటానికి వేడి తట్టుకునే యాంటీ సీజ్ అనే పేస్ట్ పలచగా రాయండి, యూ బోల్టు బదులు వెడల్పు పట్టీ క్లాంప్ వేస్తే మళ్లీ గాడి పడదు. హ్యాంగర్లన్నీ తగిలించి పైపు ఎక్కడా తగలట్లేదని చూశాకే క్లాంప్ బిగించాలి, నేను ముందే బిగించేసి మళ్లీ విప్పాను. తర్వాత ఆరుబయట ఇంజిన్ స్టార్ట్ చేసి, వెనక గొట్టానికి మందపాటి గుడ్డ క్షణం సేపు అడ్డం పెడితే లీక్ ఉన్న చోట బుస్సుమంటుంది. షెడ్డులో తలుపులేసి మాత్రం వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

మీ దాంట్లో ఏ పైపు బయట ఉందో, చుట్టూ బ్లేడు ఆడించడానికి ఎంత సందు ఉందో చూసి రాయండి, ఎక్కడ కొయ్యాలో చెప్తా.