27 లక్షల లోన్ తీసుకుంటే 1.80 లక్షల సబ్సిడీ పోతుంది

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. నాకు 34 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం, జీతం నెలకు 52 వేలు. మా ఆవిడ ఇంట్లోనే బట్టలు కుట్టి నెలకు 10 వేల దాకా సంపాదిస్తుంది. ఒక పాప. అద్దె 11 వేలు. 34 లక్షలకు ఒక ఫ్లాట్ మాట్లాడుకున్నాం. బ్యాంకు 27 లక్షలు లోన్ ఇస్తానంటోంది. ఎఫ్‌డీ, చిట్టీ డబ్బు కలిపి మా దగ్గర 11 లక్షలు ఉన్నాయి. మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకు ప్రభుత్వం 1.80 లక్షలు ఇస్తుందట. 15 వేలు ఇస్తే అది శాంక్షన్ చేయిస్తానని ఒకాయన అంటున్నాడు. ఊళ్లో మా నాన్నగారి పేరున డాబా ఇల్లు ఉంది. మాకు సబ్సిడీ వస్తుందా? ఇంటి లోన్ వల్ల ట్యాక్స్ కూడా కలిసొస్తుందని విన్నాం, నిజమేనా?

జవాబు: మీకు అర్హత ఉంది. కానీ మీరు వేసుకున్న లెక్క ప్రకారం లోన్ తీసుకుంటే ఆ అర్హత పోతుంది. అందుకే టోకెన్ అడ్వాన్స్ ఇవ్వకముందే ఇది చదవండి.

మీరు విన్నది ప్రధానమంత్రి ఆవాస్ యోజన అర్బన్ 2.0 గురించి. 2024 సెప్టెంబరు 1 నుంచి 5 ఏళ్లపాటు అమలయ్యే పథకం ఇది. ఇందులో నాలుగు విభాగాలున్నాయి. సొంత స్థలంలో ఇల్లు కట్టుకునేవారికి ఒకటి, ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టే ఇళ్లకు ఒకటి, అద్దె ఇళ్లకు ఒకటి, బ్యాంకు లోన్‌తో కొనేవారికి వడ్డీ సబ్సిడీ ఒకటి. ఒక కుటుంబం వీటిలో ఒక్కదాన్నే వాడుకోవాలి. మీకు పనికొచ్చేది నాలుగోది. 2015లో మొదలైన పాత పథకంలో మధ్యతరగతికి 2.30 లక్షలు, 2.35 లక్షలు వచ్చేవని ఎవరైనా చెబితే పట్టించుకోకండి. ఆ గడువు 2021 మార్చి 31తోనే ముగిసింది.

వడ్డీ సబ్సిడీకి డబ్బు షరతులు మూడు. కుటుంబ వార్షికాదాయం 9 లక్షలు దాటకూడదు. ఇంటి విలువ 35 లక్షలు దాటకూడదు. లోన్ 25 లక్షలు దాటకూడదు. మీ ఇద్దరి ఆదాయం కలిపితే ఏడాదికి 7.44 లక్షలు కాబట్టి మొదటి షరతుకు ఇబ్బంది లేదు. ఇంటి విలువ 34 లక్షలు, అదీ లోపలే. చిక్కంతా మూడో దాని దగ్గరే ఉంది. 27 లక్షలు తీసుకుంటే, అందులో 25 లక్షల వరకైనా సబ్సిడీ లెక్కిస్తారని చాలామంది అనుకుంటారు. అలా లెక్కించరు. 25 లక్షలు దాటిన లోన్ పథకం బయటకు పోతుంది, మీకు ఒక్క రూపాయీ రాదు. బ్యాంకు అధికారికి పెద్ద లోన్ ఇవ్వడమే లాభం, ఈ సంగతి ఆయనంతట ఆయన చెబుతాడని ఎదురుచూడకండి.

ఇంటి విలువ దగ్గరా జాగ్రత్త. ఫ్లాట్ 34 లక్షలన్నాక పార్కింగ్‌కు ఇంత, కరెంటు మీటరుకు ఇంత, కార్పస్ ఫండ్‌కు (అపార్ట్‌మెంట్ నిర్వహణ నిధి) ఇంత అని చివర్లో కలుపుతారు. సేల్ అగ్రిమెంట్‌లో మొత్తం 35 దాటిందా, అక్కడితో సరి. అలాగని ధర తక్కువ రాయించి మిగిలింది నగదుగా ఇవ్వమంటే ఒప్పుకోకండి. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. పైగా బ్యాంకు లోన్ ఇచ్చేది కాగితం మీద ఉన్న విలువను బట్టే.

ఇక నాన్నగారి ఇల్లు. పథకం దృష్టిలో కుటుంబమంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. ఈ కుటుంబంలో ఎవరి పేరునా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. ఊళ్లో డాబా నాన్నగారి పేరునే ఉంటే మీకు అడ్డు కాదు. కానీ ఆ ఇంట్లో మీ వాటాకు ఎప్పుడైనా గిఫ్ట్ డీడో, భాగపరిష్కార దస్తావేజో రిజిస్టరయితే మాత్రం అడ్డే. మీ ఆవిడ వైపు కూడా చూడండి. పుట్టింటివారు పసుపు కుంకుమ కింద చిన్న ఇల్లేదైనా ఆమె పేరున రాసి ఉంటే అదీ లెక్కలోకి వస్తుంది. గత 20 ఏళ్లలో మీ ఇద్దరిలో ఎవరికైనా కేంద్ర, రాష్ట్ర, స్థానిక సంస్థల పథకం కింద ఇల్లు మంజూరై ఉన్నా అర్హత ఉండదు. ఎప్పుడో మంజూరై మరిచిపోయిన ఇందిరమ్మ ఇల్లయినా, టిడ్కో ఫ్లాటయినా ఆధార్ నంబరు కొట్టగానే బయటపడే అవకాశం ఉంది. ముందే తెలుసుకోవడం మంచిది.

కొత్త ఇంటిని మీ ఆవిడ పేరున గాని, ఇద్దరి పేరున గాని రిజిస్టర్ చేయించండి. మీ ఒక్కరి పేరున వద్దు. కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే స్థలం) 120 చదరపు మీటర్లు, అంటే సుమారు 1,290 చదరపు అడుగులు దాటకూడదు. మీ బడ్జెట్‌లో వచ్చే ఫ్లాట్‌కు ఇది సమస్య కాదు.

సబ్సిడీ ఎంత, ఎలా వస్తుందో కూడా సరిగ్గా తెలియాలి. లోన్‌లో మొదటి 8 లక్షల మీద 12 ఏళ్ల వరకు 4 శాతం వడ్డీ రాయితీ అన్నది లెక్క. గరిష్ఠం 1.80 లక్షలు. అది చేతికి నగదుగా రాదు, ఒకేసారీ రాదు. ఏడాదికొకటి చొప్పున 5 విడతల్లో బ్యాంకు ద్వారా వస్తుంది. ప్రతి విడత నాటికీ లోన్ సక్రమంగా నడుస్తుండాలి, అసలులో 50 శాతానికి పైగా ఇంకా బాకీ ఉండాలి. ఈ రెండో షరతు తెలియక నష్టపోయేది క్రమశిక్షణ గలవాళ్లే. లోన్ తొందరగా తీర్చేద్దామని 7, 8 ఏళ్ల గడువు పెట్టుకుంటే అయిదేళ్లు నిండేసరికి ఈఎంఐలతోనే సగం అసలు తీరిపోయి చివరి విడత చేజారవచ్చు. 20 ఏళ్ల గడువైతే ఆ భయం లేదు. 8.5 శాతం వడ్డీకి 24 లక్షలు తీసుకుంటే అయిదేళ్లకు తీరే అసలు 2.85 లక్షలే. కాబట్టి మధ్యలో చిట్టీ పాడుకున్న డబ్బో, బోనసో లోన్‌లో జమ చేసుకోవచ్చు. అయిదో విడత వచ్చేదాకా బాకీ 12 లక్షలకు పైన ఉండేలా చూసుకుంటే చాలు. ఫ్లోటింగ్ వడ్డీ (మార్కెట్‌ను బట్టి మారే వడ్డీ) లోన్‌కు ముందస్తు చెల్లింపు జరిమానా ఉండదు.

ఇప్పుడు మీ 11 లక్షల సంగతి. మీ లెక్కలో రిజిస్ట్రేషన్ ఖర్చు కనిపించలేదు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. 34 లక్షల మీద 2.55 లక్షలు. దీనికి బ్యాంకు లోన్ ఇవ్వదు. ఫ్లాట్ ఇంకా నిర్మాణంలో ఉంటే జీఎస్టీ అదనం. మీ ఊళ్లో కార్పెట్ ఏరియా 90 చదరపు మీటర్లలోపు, ధర 45 లక్షలలోపు ఉన్న ఫ్లాట్‌కు 1 శాతం, లేకపోతే 5 శాతం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నిర్మాణం పూర్తయి నివాసానికి తగినదని ఇచ్చే పత్రం) వచ్చాక కొంటే జీఎస్టీ లేదు.

34 లక్షల ఫ్లాట్‌కు 25 లక్షలే లోన్ తీసుకుంటే మీరు పెట్టాల్సింది 9 లక్షలు, పైన 2.55 లక్షలు. మొత్తం 11.55 లక్షలు. ఉన్నదంతా ఊడ్చిపెట్టినా ఇంకో 55 వేలు అప్పు తేవాలి. పాప ఉన్న ఇంట్లో చేతిలో రూపాయి లేకుండా గృహప్రవేశం చేయడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు. ఉద్యోగానికి మూడు నెలలు ఇబ్బందొస్తే ఈఎంఐ ఆగుతుంది, దాంతో సబ్సిడీ విడతా ఆగుతుంది.

నా సలహా 31 లక్షల దగ్గర ఆగండి. బేరమాడితే ఇదే ఫ్లాట్ అంతకు రాకపోతే, అయిదారేళ్ల కిందట కట్టిన రీసేల్ ఫ్లాట్లు చూడండి. రీసేల్‌కూ ఈ సబ్సిడీ వర్తిస్తుంది, జీఎస్టీ ఉండదు. 31 లక్షలకు 24 లక్షల లోన్, మీ వాటా 7 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 2.33 లక్షలు. ఇంకా 1.67 లక్షలు మిగులుతాయి. 20 ఏళ్లకు 8.5 శాతం వడ్డీతో ఈఎంఐ సుమారు 20,830. ఆ మిగిలింది ఎనిమిది ఈఎంఐలకు సరిపోతుంది. ఫర్నిచర్ తర్వాత చేయించుకోవచ్చు. ఇప్పుడు కడుతున్న 11 వేల అద్దె తప్పుతుంది కాబట్టి నెలకు అదనపు భారం మెయింటెనెన్స్ కాక 10 వేల లోపే. మీ ఆదాయానికి ఇది మోయగలిగిన బరువే.

వడ్డీ రేటు మీద కూడా అంతే పట్టుదలగా బేరమాడండి. 24 లక్షల లోన్ 8.5 శాతానికి బదులు 8 శాతానికి దొరికితే నెలకు 753 రూపాయలు తగ్గుతాయి. 20 ఏళ్లలో అది 1.80 లక్షలు. అంటే అర శాతం వడ్డీ తగ్గించుకోవడమూ, మొత్తం సబ్సిడీ రావడమూ ఒకటే. క్రెడిట్ స్కోరు బాగుంటే కనీసం మూడు బ్యాంకుల్లో అడగండి. సబ్సిడీ ఇస్తుంది కదా అని ఎక్కువ వడ్డీ బ్యాంకుకు పోవద్దు.

ట్యాక్స్ విషయంలో మీరు విన్నది మీకు వర్తించదు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం వరకు పన్ను లేదు. మీ జీతానికి కట్టాల్సిన పన్నే లేనప్పుడు మినహాయింపుతో పనేముంది? మొదటి ఇంటికి అదనంగా 1.50 లక్షల వడ్డీ మినహాయింపు ఇచ్చిన 80ఈఈఏ సెక్షన్ 2022 మార్చి 31 తర్వాత మంజూరైన లోన్లకు లేదు.

15 వేలు అడిగినాయనకు పైసా ఇవ్వకండి. శాంక్షన్ చేయించడం ఎవరి చేతిలోనూ లేదు. పథకం పోర్టల్‌లో మీరే దరఖాస్తు చేసుకోవచ్చు, దానికి ఫీజు లేదు. మీ ముగ్గురి ఆధార్లు, బ్యాంకు ఖాతా వివరాలు, ఆదాయ రుజువు దగ్గర పెట్టుకోండి. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, బ్యాంకులో ఇంకోలా ఉంటే దరఖాస్తు ఆగిపోవచ్చు. ముఖ్యంగా మీ ఆవిడ ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉందేమో చూసి ముందే సరిచేయించండి. ఆమె కుట్టుపని ఆదాయాన్ని దాచకండి, స్వీయ ధ్రువీకరణలో రాసిందానికి బాధ్యత మీదే.

వరుస ఇలా పెట్టుకోండి. ఆ ఫ్లాట్ ఉన్న చోటు అర్బన్ పథకం పరిధిలోకి వస్తుందో లేదో మున్సిపల్ కార్యాలయంలో కనుక్కోండి. ఊరి శివారు పంచాయతీల్లో ఇది తప్పనిసరి. బ్యాంకు ఈ పథకంలో చేరిందో లేదో శాఖలో అడిగి, ఒక ఈమెయిల్ జవాబు తెచ్చుకోండి. పోర్టల్‌లో అర్హత సరిచూసుకుని దరఖాస్తు చేసి, ఆ నంబరు బ్యాంకుకు ఇవ్వండి. కొత్త ఫ్లాటయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు, ప్లాన్ అప్రూవల్, రీసేల్ అయితే లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద తాకట్టు, లావాదేవీల వివరాలు చూపే పత్రం) వకీలుకు చూపించండి. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా బిల్డరు 10 శాతానికి మించి తీసుకోవడం రెరా చట్టం ఒప్పుకోదు. టోకెన్ రసీదులో 'లోన్ మంజూరు కాకపోతే అడ్వాన్స్ వాపసు' అన్న ఒక్క వాక్యం రాయించండి. అది రాయనన్న బిల్డరుకు డబ్బివ్వకండి.