యాంటీబయాటిక్స్‌ని తొలగించే ఫొటోకెటలిస్ట్ ప్రాజెక్టుకి ఏ మెటీరియల్ తీసుకోవాలి?

వైజాగ్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేస్తున్నానని, నీళ్లలోని యాంటీబయాటిక్స్‌ని వెలుతురుతో విడగొట్టే మెటీరియల్ మీద ప్రాజెక్టు కావాలని, ఇప్పుడు ఏది ట్రెండులో ఉందని అడిగారు. నేను ఇక్కడే ఇదే టాపిక్ మీద పీహెచ్‌డీ చేశాను. మెటీరియల్ ఎంపిక మీద అంత బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

1972లో ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్‌తో వెలుతురులో నీటిని విడగొట్టినప్పటి నుంచి ఈ రంగంలో దానిదే రాజ్యం. కానీ అది అతినీలలోహిత కిరణాలకే పనిచేస్తుంది, ఎండలో వాటి వాటా దాదాపు 5 శాతమే. అందుకే కనిపించే వెలుతురుని పీల్చుకునే గ్రాఫిటిక్ కార్బన్ నైట్రైడ్, బిస్మత్ వెనడేట్ లాంటివి వచ్చాయి. ఇప్పుడు రెండు మెటీరియల్స్‌ని జతచేసే జెడ్-స్కీమ్, ఎస్-స్కీమ్‌ల హవా నడుస్తోంది. ఏ పేపర్ తెరిచినా ఎలక్ట్రాన్లు ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎలా పోతాయో చూపే అవే బాణాల బొమ్మలు. కొన్నిట్లో ఆధారం కన్నా బొమ్మే బాగుంటుంది.

మీకు కార్బన్ నైట్రైడ్ చాలు. యూరియాని క్రూసిబుల్‌లో వేసి, మూతపెట్టి, మఫిల్ ఫర్నేస్‌లో 550 డిగ్రీల దాకా వేడిచేస్తే లేత పసుపు పొడి వస్తుంది. గుప్పెడు వేస్తే మిగిలేది చిటికెడే. అమ్మోనియా ఘాటుకి కళ్లు మండుతాయి, పొగ బయటికి పోయే ఏర్పాటు లేనిచోట పెట్టొద్దు.

అసలు పని నీళ్ల దగ్గర మొదలవుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ని చకచకా తగ్గించిన నా పొడి, మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ నీళ్లలో బాగా నెమ్మదించింది. బైకార్బొనేట్, కుళ్లిన ఆకుల నుంచి వచ్చే సేంద్రియ పదార్థం, మందుని విడగొట్టాల్సిన హైడ్రాక్సిల్ రాడికల్స్‌ని మధ్యలోనే మింగేస్తాయి. పైగా టెట్రాసైక్లిన్ కాల్షియంతో జతకడుతుంది. గైడ్‌ని ఒప్పించి ఈ తేడానే ప్రాజెక్టుగా తీసుకోండి, ఇంకో కొత్త కాంపోజిట్ కన్నా ఇదే నయం.

పొడి వెయ్యకుండా లైటు మాత్రమే పెట్టిన బ్లాంక్ తప్పనిసరి, ఎందుకంటే టెట్రాసైక్లిన్ వెలుతురుకి తనంతట తానే కొంత విడిపోతుంది. చీకట్లో అరగంట కలియబెట్టి, పొడికి అంటుకున్నది ఎంతో ముందే చూసుకోండి. యూవీ-విజిబుల్ స్పెక్ట్రమ్‌లో 357 నానోమీటర్ల దగ్గరుండే టెట్రాసైక్లిన్ పీక్ మాయమైతే మందు పోయినట్టు కాదు, దాని ముక్కలు ఇంకా బాక్టీరియాని చంపుతుండొచ్చు. మైక్రోబయాలజీలో స్నేహితులుంటే శుద్ధిచేసిన నీటి చుక్కని డిస్క్ మీద వేసి, ఈ.కోలై ప్లేటులో ఖాళీ వలయం పడుతుందేమో చూడమనండి, పడితే ఆ నీరు ఇంకా బాక్టీరియాని చంపుతున్నట్టే. ఖర్చు తక్కువ, వైవాలో మాత్రం బాగా నిలబెడుతుంది.

ప్రయోగానికి మందుని లీటరుకి 20 మిల్లీగ్రాములు కలిపితే, మరీ ఎక్కువ కాదా అని వైవాలో అడుగుతారు. నదుల్లో మామూలుగా అంతకన్నా చాలా తక్కువే. అయితే 2007లో వచ్చిన అధ్యయనంలో హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో ఫార్మా కంపెనీల మురుగునీటి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. పరవాడ ఫార్మా సిటీ పక్కనున్న మన ఊళ్లో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

మందు ముక్కలతో సహా నీటిలో మిగిలిన మొత్తం సేంద్రియ కార్బన్‌ని కొలిచే టీఓసీ మిషన్ మీ డిపార్ట్‌మెంట్‌లో లేకపోతే బయట స్లాట్ ఇప్పుడే అడగండి. సెమిస్టర్ చివర్లో అందరూ అక్కడే క్యూ కడతారు, అప్పుడు టెన్షన్ పడాలి.