గడ్డి తినే పోలీసు చిన్న దొంగా, పెద్ద దొంగా?

సందేహం: న్యూయార్క్ పోలీసు శాఖలో 1970ల నాటి లంచాల గురించి ఒక అనువాద వ్యాసం చదివాను. లంచం తీసుకునే పోలీసులు రెండు రకాలట. ‘గడ్డి తినేవారు’ చిన్న లంచగొండులు, ‘మాంసం తినేవారు’ పెద్ద లంచగొండులు అని రాశారు. మనవైపు ‘గడ్డి తిన్నాడు’ అంటే అంతకు మించిన తిట్టు లేదు కదా! మరి గడ్డి తినేవాడి పాపం తక్కువెలా అయింది? అదే వ్యాసంలో ‘ప్యాడ్ మీద ఉన్న పోలీసులు’, ‘నెలనెలా గింజ పంచుకున్నారు’ అనే మాటలు కూడా బోధపడలేదు. – ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: బోధపడకపోవడంలో వింతేమీ లేదమ్మా. ఆ ఇంగ్లీషు మాట చెప్పినవాళ్ల మనసులో ఉన్నది పశువు, మృగం. మన ‘గడ్డి తినడం’లో ఉన్నది మనిషి. చిక్కంతా అక్కడే వచ్చింది.

అన్నం తినాల్సిన మనిషి గడ్డి తిన్నాడంటే మనిషితనం వదిలేశాడని మన లెక్క. ‘నువ్వు తినేది అన్నమా, గడ్డా?’ అని పెద్దవాళ్లు కడిగేసేది అందుకే. ‘డబ్బొస్తుందంటే ఏ గడ్డయినా కరుస్తాడు’ అన్నా అదే అర్థం. ఎంత తిన్నాడన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. వంద తిన్నా గడ్డే, కోటి తిన్నా గడ్డే. కాబట్టి తెలుగులో గడ్డి తినడానికి చిన్న, పెద్ద తేడా పెట్టడం కుదరదు.

ఇక ఆ ఇంగ్లీషు మాటల సంగతి. ఫ్రాంక్ సెర్పికో, డేవిడ్ డర్క్ అనే ఇద్దరు పోలీసులు తమ శాఖలో లంచాల గురించి పైవాళ్లకు ఎంత మొత్తుకున్నా ఫలితం లేకపోయింది. చివరికి 1970 ఏప్రిల్‌లో విషయం న్యూయార్క్ టైమ్స్ పత్రికకెక్కింది. దాంతో మేయర్ జాన్ లిండ్సే విట్మన్ నాప్ అధ్యక్షతన విచారణ సంఘం వేశాడు. అదే నాప్ కమిషన్. అది 1972లో ఇచ్చిన నివేదికతో ఈ గడ్డి, మాంసం మాటలు లోకానికి తెలిశాయి. కాంట్రాక్టర్ల దగ్గర, ఆగిపోయిన బళ్లను లాక్కెళ్లేవాళ్ల దగ్గర, జూదగాళ్ల దగ్గర ఐదో పదో ఇరవయ్యో డాలర్లు పుచ్చుకునేవాళ్లు మొదటి రకం. వీళ్లు ఇస్తే తీసుకుంటారు, ఒక్కోసారి అడుగుతారు కూడా. అంతేగాని సొమ్ము కోసం పనిగట్టుకుని తిరగరు. దారిలో పచ్చగా కనిపించినచోట ఆవు మూతి పెడుతుందే, అలాగన్నమాట. రెండో రకం కొద్దిమందే. డ్యూటీలో చాలా సమయం వాళ్లకు వెతుకులాటకే సరిపోతుంది. జూదం, మత్తుమందుల కేసుల్లో వేల డాలర్లు ఎక్కడ రాలతాయా అని చూస్తుంటారు. 

ఈ తేడా తెలుగులోకి రావాలంటే తినే పదార్థాన్ని వదిలేసి తినే తీరును పట్టుకోవాలి. నేనైతే ‘మేతగాళ్లు, వేటగాళ్లు’ అంటాను. ప్రాస కలిసిందని కాదు. లంచానికి ‘మేయడం’ అనే క్రియ మనకు ముందునుంచీ ఉంది. కాపలా ఉండాల్సినవాడే దోచుకుంటే ‘కంచే చేను మేసింది’ అంటాం. పోలీసుల గురించి ఇంతకంటే సూటిగా చెప్పే సామెత ఇంకేం కావాలి? వేటకు వివరణే అక్కర్లేదు.

మరి వీరిలో ఎవరు ఎక్కువ ప్రమాదం? వేటగాళ్లే అనుకుంటాం. కమిషన్ మాత్రం రోగానికి మూలం మేతగాళ్లే అంది. ఎక్కువమంది వాళ్లే కాబట్టి, వాళ్ల వల్ల లంచానికి ఒక మర్యాద వచ్చేస్తుందట.

‘ప్యాడ్’ అన్న మాటకు తెలుగు చెప్పాల్సింది ఇక్కడే. ప్యాడ్ అంటే జూదశాలల వంటివాటి నుంచి నెలనెలా లెక్క తప్పకుండా వసూలయ్యే సొమ్ము. మన ఊళ్లలో దీన్ని ఏమంటారో ఏ కిళ్లీకొట్టు యజమానిని అడిగినా చెబుతాడు: మామూళ్లు! ఇది అరబీ నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చిన మాట. ‘అమలు’కూ దీనికీ ధాతువు ఒక్కటే. ఆచరణలో ఉన్నది, వాడుకగా జరిగేది అని అసలు అర్థం. దసరా మామూలు అడగడంలో ఎవరికీ సిగ్గులేదు, ఇవ్వడంలో తప్పూ లేదు. ఆ పండగ మాటే ఠాణాలోకి వెళ్లి లంచానికి ముసుగైంది. వ్యాకరణం మాత్రం ముసుగు తీసేస్తుంది. ‘మామూలు మనిషి’, ‘మామూలు రోజు’ అన్నప్పుడు అది విశేషణం, దానికి బహువచనం రాదు. ‘మామూళ్లు’ అన్నారా, ఇక అది డబ్బే.

‘గడ్డి’ తిట్టు, ‘మామూలు’ ఊరడింపు. ఒకే పనికి మన దగ్గర రెండు మాటలున్నాయి. తీసుకునేవాడు మొదటిది ఎప్పుడూ వాడడు. కమిషన్ చెప్పిన ఆ మర్యాద మన భాషలో ఈ రెండో మాటలోనే ఉంది. అందుకని ‘ప్యాడ్ మీద ఉన్న పోలీసులు’ అనకుండా ‘మామూళ్లు తీసుకునే పోలీసులు’ అని ఉంటే మీరు ఈ ఉత్తరం రాయాల్సిన పనే ఉండేది కాదు.

మేతగాళ్ల వల్ల ఇంకో నష్టం కూడా చెప్పారు. గుట్టు బయటపెట్టినవాడికి ద్రోహి అని ముద్ర పడుతుంది. ఈ విషయంలో మనమూ తక్కువేం కాదు. విభీషణుణ్ణి భక్తుడని పూజిస్తాం, మళ్లీ ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అని అతన్నే ఎత్తిపొడుస్తాం. సెర్పికోకు 1971 ఫిబ్రవరిలో బ్రూక్లిన్‌లో మత్తుమందుల దాడికి వెళ్లినప్పుడు ముఖంలో తూటా దిగింది. బతికి బయటపడి, ఆ డిసెంబరులో కమిషన్ ముందు సాక్ష్యం చెప్పాడు.

ఇక మీ ‘గింజ’. అది ‘నట్’ అనే మాట తెచ్చిన తంటా. ఆ పోలీసుల వాడుకలో నట్ అంటే మామూళ్లలో ఒక్కొక్కరికి నెలకు దక్కే వాటా, అంతే. ‘వాటా పంచుకున్నారు’ అంటే సరిపోతుంది. నివేదిక ప్రకారం మాన్‌హాటన్ నడిబొడ్డున ఈ వాటా 300, 400 డాలర్లు, హార్లెమ్‌లో 1,500. పై అధికారి చేరితే ఆయనకు ఒకటిన్నర వాటా. కొత్తగా వచ్చినవాడికి రెండు నెలలు ఏమీ ఇవ్వరు, నమ్మదగినవాడో కాదో చూడాలి కదా! ఆ రెండు నెలల బాకీని అతను బదిలీ అయి వెళ్లేటప్పుడు లెక్కగట్టి చేతిలో పెడతారు. వెళ్లిపోయేవాడికి మామూళ్లలోంచి ముట్టే ఈ చివరి సొమ్ముకు తెలుగు మాటేమిటో నాకు తట్టలేదు. మీకు గాని, మరో పాఠకుడికి గాని తడితే రాయండి.