60 మంది విద్యార్థులతో ల్యాబ్‌కి ఈ-పోర్ట్‌ఫోలియో మొదలుపెట్టాలంటే ఎలా?

నమస్తే అండీ. మీరు అడిగింది ఇది: బెంగళూరులో ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ విభాగంలో కొత్తగా చేరారు. ఐదో సెమిస్టర్ కాంక్రీట్ ల్యాబ్‌కి ఈసారి నుంచి ఈ-పోర్ట్‌ఫోలియో (విద్యార్థి తాను చేసిన పనినీ, దాని గురించి తన ఆలోచననూ ఆన్‌లైన్‌లో దాచుకునే చోటు) పెట్టమన్నారు. 60 మంది, 30 చొప్పున రెండు బ్యాచులు. కాలేజీలో మూడ్ల్ (ఆన్‌లైన్‌లో కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్) ఉంది. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, రిఫ్లెక్షన్ (చేసిన పనిని వెనక్కి తిరిగి చూసుకుని రాసేది) ఎలా రాయించాలి, అందరూ ఏఐ చేత రాయించి పెట్టేస్తే ఏం చేయాలి?

సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు తేలాల్సింది మార్కులు. ఇంటర్నల్స్‌లో (కాలేజీలోనే వేసే మార్కుల్లో) చోటు లేకపోతే మూడో వారానికల్లా రాయడం ఆగిపోతుంది. అలాగని పాతిక మార్కులు పెడితే మార్కుల కోసమే రాస్తారు, నిజం రాయరు. 50 ఇంటర్నల్ మార్కుల్లో 10 సరిపోతాయి. ఆ పదికి తగ్గట్టు పాత పని కొంత తీసెయ్యాలి. ఇది చాలామంది చేయరు, అందుకే పిల్లలు మొదటి నుంచే విసుక్కుంటారు. ల్యాబ్ రికార్డులో ఉద్దేశం, పరికరాలు, విధానం అంటూ సీనియర్ల రికార్డు చూసి ఎక్కించే పేజీలు ఉంటాయి కదా, వాటిని తీసేయించండి. పరిశీలనలు, లెక్కలు, గ్రాఫులు రికార్డులో ఉంటాయి. ఎందుకలా వచ్చింది, మళ్లీ చేస్తే ఏం మారుస్తాను అన్నది పోర్ట్‌ఫోలియోలోకి వస్తుంది. హెచ్‌ఓడీతో (విభాగాధిపతితో) ఈ ఒక్క మాట ముందే ఖాయం చేసుకోండి.

రెండోది, ఎవరు చదవడానికి రాస్తున్నారు? ప్లేస్‌మెంట్‌కి చూపించే పోర్ట్‌ఫోలియో వేరు, నేర్చుకోవడానికి రాసుకునేది వేరు. రెండూ ఒకే పేజీలో పెట్టమంటే, కంపెనీ వాళ్లు చూస్తారేమోనని ఎవరూ తప్పు ఒప్పుకోరు. తప్పు లేని చోట రిఫ్లెక్షన్ రాయడానికి ఏమీ మిగలదు. అందుకని సెమిస్టర్ అంతా అది విద్యార్థికీ, జతగాడికీ (ఒకరివి ఒకరు చదివే తోటి విద్యార్థికి), మీకూ మాత్రమే కనిపించాలి. ఆఖరి ఏడాదిలో అందులోంచి మూడు నాలుగు ఎంచుకుని వేరే పేజీగా చేసుకుని బయటి వాళ్లకు చూపించుకోవచ్చు.

ఇక రిఫ్లెక్షన్. గ్రాహం గిబ్స్ 1988లో ఇచ్చిన ఆరు మెట్ల చక్రం శిక్షణ తరగతుల్లో తరచూ చూపిస్తారు: వర్ణన, భావాలు, మూల్యాంకనం, విశ్లేషణ, ముగింపు, కార్యాచరణ. నర్సింగ్, టీచర్ ట్రైనింగ్ వాళ్లకు అది బాగా పనికొస్తుంది. ల్యాబ్ పిల్లలకు ఆరు శీర్షికలిస్తే ఒక్కో దాని కింద ఒక్కో వాక్యం నింపి ఊరుకుంటారు. దానికన్నా టెరీ బోర్టన్ 1970లో చెప్పిన మూడు ప్రశ్నలు మేలు: ఏం జరిగింది? అయితే ఏమిటి? ఇక ఏం చేస్తాను? మధ్య ప్రశ్న అర్థం కాకపోతే 'అలా ఎందుకు జరిగింది' అని చెప్పండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. దీన్ని మొదటి క్లాసులో బోర్డు మీద చేసి చూపించండి. నమూనా చూడకుండా ఎవరికీ ఇది అర్థం కాదు.

స్లంప్ పరీక్ష, అంటే తడి కాంక్రీటును అచ్చులో నింపి, అచ్చు తీశాక ఎంత కుంగిందో కొలవడం. మామూలుగా వచ్చే ఎంట్రీ ఇలా ఉంటుంది: 'ఈ ప్రయోగం ద్వారా కాంక్రీటు పనితనం గురించి తెలుసుకున్నాను. ఇది భవిష్యత్తులో చాలా ఉపయోగపడుతుంది.' ఇందులో అబద్ధం లేదు, విషయమూ లేదు. ఏ ప్రయోగానికైనా అతికించవచ్చు. దీన్ని గుర్తుపట్టడానికి సులువైన పరీక్ష ఉంది: ప్రయోగం పేరు తీసేసి చదివితే అది దేని గురించో తెలియాలి. తెలియకపోతే వెనక్కి పంపండి.

పనికొచ్చే ఎంట్రీ ఇలా ఉంటుంది: 'సిమెంటు 2.5 కిలోలు, ఇసుక 5 కిలోలు, నీళ్లు 1.25 లీటర్లు తీసుకున్నాం. నీళ్లు సిమెంటు నిష్పత్తి 0.5 అనుకున్నాం. స్లంప్ అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ వచ్చింది. ముందురోజు వాన పడింది, ఇసుక బయటి కుప్పలోంచి తెచ్చాం. తేమ 4 శాతం అనుకున్నా, 5 కిలోల్లో దాదాపు 200 మిల్లీలీటర్ల నీళ్లు ఇసుకలోనే ఉన్నాయి. మొత్తం 1.45 లీటర్లు అయింది, నిష్పత్తి 0.58కి పోయింది. ఈసారి ఇసుక కొంచెం తూచి, పెనం మీద ఆరబెట్టి మళ్లీ తూచి, ఆ తేడా నీళ్లలోంచి తగ్గిస్తాను.' దానికి తోడు రెండు ఫొటోలు: కుంగిన కాంక్రీటు పక్కన స్కేలు పెట్టి తీసినది ఒకటి, చేత్తో రాసిన పరిశీలన పేజీది ఒకటి. అంతే. 100 నుంచి 150 మాటలు దాటనివ్వకండి. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో మీ ల్యాబ్‌లో కూడా ఇది జరగడానికి వీలుంది కాబట్టి పిల్లలకు వెంటనే తగులుతుంది.

కాంక్రీట్ ల్యాబ్‌కి పోర్ట్‌ఫోలియో బాగా అతకడానికి ఇంకో కారణముంది. బలం చూడటానికి కాంక్రీటు క్యూబులు (ఘనపు దిమ్మలు) 7 రోజులకూ 28 రోజులకూ పగలగొడతాం. పోతపోసిన రోజునే ఒక ఎంట్రీ రాయించండి: 28 రోజులకు బలం ఎంత వస్తుందనుకుంటున్నారు, ఎందుకు? 7 రోజుల ఫలితం వచ్చాక పాత మాట చెరపకుండా దాని కిందే తేదీ వేసి రాయాలి, 28 రోజులకు మళ్లీ అలాగే. తమ అంచనా ఎక్కడ తప్పిందో పిల్లలే కళ్లారా చూసుకుంటారు. రికార్డు పుస్తకంలో ఫలితం ఒక్కటే మిగులుతుంది, అంతకుముందు ఏమనుకున్నారో మిగలదు. నా మటుకు ఈ-పోర్ట్‌ఫోలియో పెట్టడానికి ఇదొక్క కారణం చాలు.

భాష సంగతి మీరు అడగలేదు, కానీ అసలు చిక్కు అక్కడే ఉంటుంది. మీ క్లాసులో అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్లు ఉంటారు, కన్నడ మీడియంలో చదివినవాళ్లూ ఉంటారు. ఇంగ్లీషులో రాయమంటే 'ప్రయోగం విజయవంతంగా నిర్వహించబడింది' అన్న తరహా వాక్యం వస్తుంది. అదే పిల్లవాడు పక్కవాడితో 'ఇసుక తడిగా ఉందిరా, నీళ్లు తగ్గించాల్సింది' అంటాడు. మీకు కావలసింది ఆ రెండో మాట. కాబట్టి మొదటి చిత్తుప్రతి ఏ భాషలోనైనా ఉండనివ్వండి. ఫోన్‌లో గూగుల్ కీబోర్డుకి తెలుగు, కన్నడ వాయిస్ టైపింగ్ ఉంది. మూడ్ల్ ఎడిటర్‌లో ఆడియో రికార్డు బటన్ ఉంటుంది, మామూలుగా 2 నిమిషాల పరిమితితో వస్తుంది, అడ్మిన్ మార్చవచ్చు. ముందు చెప్పించి, ఆ తర్వాత అవే విషయాలు ఐదారు ఇంగ్లీషు వాక్యాల్లో రాయించండి. మీకు చదవడం వచ్చిన భాషయితే ఇంగ్లీషు అడక్కుండానే మార్కులు వేయవచ్చు. వ్యాకరణానికి మాత్రం మార్కులు కోయకండి. ఒకసారి కోశారంటే అందరూ మళ్లీ 'నిర్వహించబడింది' దగ్గరికే వెళ్లిపోతారు.

ఏఐ భయానికి సగం మందు పైనే ఉంది. సొంత అంకెలు, సొంత ఫొటో, 150 మాటల పరిమితి ఉన్నప్పుడు ఏఐ చేసిపెట్టే పని తగ్గుతుంది. మిగతా సగం నోటితో అడగడం. ప్రతి ల్యాబ్‌లో ఐదుగురిని పిలిచి, వాళ్ల ఎంట్రీ తెరిచి పెట్టుకుని తలా 3 నిమిషాలు మాట్లాడండి. ల్యాబ్‌కి 15 నిమిషాలు పోతాయి, ఆరు ల్యాబుల్లో 30 మంది పూర్తవుతారు. 'తేమ 4 శాతమని ఎలా అనుకున్నావు?' అంటే చాలు, ఎవరు రాసిందో తెలిసిపోతుంది. ఏఐ రాతను పట్టుకుంటామనే సాఫ్ట్‌వేర్లను నమ్మి ఎవరినీ దోషిగా నిలబెట్టకండి. ఇంగ్లీషు రెండో భాషగా రాసేవాళ్ల మామూలు రాతను కూడా అవి ఏఐ రాత అనుకునే ప్రమాదం ఉంది. మన క్లాసులో అందరూ అలాంటివాళ్లే. తెలుగులో తాను రాసుకున్నదాన్ని ఏఐతో ఇంగ్లీషు చేయించుకుంటే నాకు అభ్యంతరం లేదు, పైన తెలుగు మూలం ఉంచితే చాలు.

ఎన్ని ఎంట్రీలు? ఇక్కడ లెక్క వేసుకోకపోతే మీరు మునిగిపోతారు. 60 మంది, తలా 6 ఎంట్రీలు అంటే 360. ఒక్కోదానికి 5 నిమిషాలు వేసుకున్నా 30 గంటలు. అన్నీ మీరే చదవాలనుకుంటే మూడో ఎంట్రీ దగ్గరే బకాయి పడిపోతుంది, పిల్లలకు అది రెండు రోజుల్లో తెలిసిపోతుంది. మొదటిదీ చివరిదీ పూర్తిగా మీరు చదవండి, అది 10 గంటల పని. మధ్యలో నాలుగూ జతలుగా ఒకరివి ఒకరు చదువుకుంటారు, పైన చెప్పినట్టు నోటితో అడిగే వైవాలో మీ కంట పడతాయి. జతగాడు 'బాగుంది' అని రాస్తే చెల్లదు. ఒక ప్రశ్న అడగాలి, రాసినవాడు దానికి జవాబివ్వాలి. మొదటి ఎంట్రీ రెండో వారంలో, ల్యాబ్‌లోనే, మీ ఎదుటే 20 నిమిషాల్లో రాయించండి. ఇంటికి వదిలేస్తే ఆరూ కలిపి సెమిస్టర్ ఆఖరి రాత్రి రాస్తారు. అందుకే ఒక్కోదానికి ప్రయోగం అయిన మూడు రోజుల్లో గడువు పెట్టి, మూడ్ల్‌లో ఆ తేదీకే ముగించండి.

పది మార్కులు నేనైతే ఇలా పంచుతాను: ఆధారానికి 2, కారణం వెతికిన తీరుకి 4, తర్వాత ఏం చేస్తానన్నదానికి 2, తర్వాతి ప్రయోగంలో ఆ మాట నిలబెట్టుకున్నందుకు 2. ఆఖరి రెండింటిని వదలకండి. 'ఈసారి తేమ సరిచూస్తాను' అని రాసినవాడు తర్వాతి ఎంట్రీలో పాత దానికి లింకు ఇచ్చి, సరిచూశాడో లేదో చెప్పాలి. ఫలితం చెడిపోయినందుకు మార్కులు తగ్గకూడదు. ఆ సంగతి మొదటిరోజే చెప్పి, మాట తప్పకుండా ఉండండి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. మీ మూడ్ల్‌కి మహారా జోడించి ఉందేమో అడ్మిన్‌ని అడగండి. న్యూజిలాండ్‌లో 2006లో మొదలైన ఓపెన్ సోర్స్ పోర్ట్‌ఫోలియో అది. మావోరీ భాషలో ఆ మాటకు ఆలోచన అని అర్థం. అందులో జర్నల్ ఎంట్రీలకు తేదీ దానంతటదే పడుతుంది, పేజీలను కలిపి కలెక్షన్ చేయవచ్చు, ఎవరు చూడాలో పేజీ పేజీకీ వేరుగా పెట్టవచ్చు. రెండు చోట్ల జాగ్రత్త పడాలి. మూల్యాంకనానికి సమర్పించిన పేజీ తాళం పడినట్టు అవుతుంది, మీరు తిరిగి విడుదల చేసేదాకా విద్యార్థి మార్చలేడు. 28 రోజుల ఫలితం చేర్చలేకపోతున్నామని పిల్లలు వస్తే కారణం అదే అయివుండవచ్చు. ఇంకోటి, సీక్రెట్ యూఆర్‌ఎల్ అనే సౌకర్యం. పేరులో రహస్యం ఉన్నా, ఆ లింకు చేతికి చిక్కినవాళ్లెవరైనా లాగిన్ లేకుండానే చూస్తారు.

మహారా లేకపోతే దాని కోసం ఆగొద్దు. గూగుల్ సైట్స్‌లో ఒక పేజీ, అందులో ఎంబెడ్ చేసిన (పేజీలోనే కనిపించేలా చేర్చిన) గూగుల్ డాక్ ఒకటి చాలు. డాక్‌లో వెర్షన్ హిస్టరీ ఉంటుంది కాబట్టి ఏది ఎప్పుడు రాశారో కనిపిస్తుంది, అది చూడటానికి మీకు ఎడిట్ అనుమతి ఇప్పించుకోండి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు అనుమతులది. సైటుకి ఇచ్చిన అనుమతి అందులో ఎంబెడ్ చేసిన డ్రైవ్ ఫైళ్లకు వర్తించదు. రాసినవాళ్లకు అన్నీ కనిపిస్తాయి, మీకు మాత్రం అనుమతి అడగమని వస్తుంది. మొదటి క్లాసులోనే ప్రతివాళ్ల పేజీనీ జతగాడి ఫోన్‌లో తెరిపించి చూస్తే ఈ తలనొప్పి తీరిపోతుంది. ఐఫోన్ ఫొటోలు హెచ్‌ఈఐసీ రకంలో వచ్చి కొన్ని చోట్ల తెరుచుకోవు, కెమెరా సెట్టింగ్స్‌లో 'మోస్ట్ కంపాటిబుల్' ఎంచుకోమనండి. వీడియో అయితే 30 సెకన్లు దాటకూడదని చెప్పండి, హాస్టల్ వైఫై అంతకుమించి మోయదు.

ఫొటోల్లో ఇతరుల ముఖాలు వద్దు, చేతులూ పరికరాలూ చాలు. ఇంటర్న్‌షిప్ సైటు ఫొటోలు, డ్రాయింగులు అక్కడి ఇంజినీరు ఒప్పుకుంటేనే పెట్టాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది కాబట్టి, పిల్లల రాతలు ఎవరు చూస్తారు, ఎంతకాలం ఉంచుతారు అన్నది ఒక పేజీలో రాసి మొదటిరోజే ఇవ్వండి. అక్రెడిటేషన్ (కాలేజీ నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే) బృందానికి నమూనాలు చూపించాల్సి వస్తే, ఎవరివి చూపిస్తున్నారో వాళ్లను అడిగి, పేర్లు తీసేసి చూపించండి.

చివరగా ఒకటి, దీన్ని ఇప్పుడే ప్లాన్‌లో రాసుకోండి. చదువు అయ్యాక కాలేజీ ఈమెయిల్ ఖాతా మూసేస్తే దానితోపాటే పోర్ట్‌ఫోలియో పోతుంది. మహారాలో హెచ్‌టీఎంఎల్ రూపంలో ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు, గూగుల్‌లో దానికి టేక్అవుట్ అనే సౌకర్యం ఉంది. ప్రతి సెమిస్టర్ ఆఖరి ల్యాబ్‌లో పది నిమిషాలు దీనికే కేటాయించి ఎక్స్‌పోర్ట్ చేయించండి. ఆ ఫైలును నెట్ ఆపేసి, వేరే కంప్యూటర్‌లో తెరిచి, ఫొటోలు కూడా వచ్చాయో లేదో చూడమనండి. డ్రైవ్ నుంచి ఎంబెడ్ చేసినవి కనిపించకపోతే వాటిని విడిగా దించుకుని అదే ఫోల్డర్‌లో పెట్టుకోవాలి.