ఆ డిన్నర్ సీన్ గురించి

ప్రియమైన అమ్మాయికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ‘క్యారీ ఆన్ అప్ ది ఖైబర్’ అనే బ్రిటిష్ కామెడీ సినిమా మీద నీ కోపం అర్థమైంది. నాలుగు పేజీల్లో ‘జాత్యహంకారం’ అన్న మాట పదకొండుసార్లు వచ్చింది (లెక్కపెట్టాను, ఏమనుకోకు). సినిమా మాత్రం ఎక్కడా కనబడలేదు.

మళ్లీ చూడు. నవ్వొచ్చిన ప్రతిచోటా ఆపి రాసుకో. నీకూ నవ్వొచ్చే ఉంటుంది, అది దాచావు. చివర్లో డిన్నర్ సీన్ ఉంది కదా. బయట ఫిరంగులు మోగుతుంటాయి, పైకప్పు పెచ్చులూడి బల్ల మీద పడుతుంటాయి. దొరలూ దొరసానులూ ఏమీ జరగనట్టు కబుర్లాడుతూ భోంచేస్తారు. హడలిపోయేది పాదిరీ ఒక్కడే! ఇండియా చేజారిన 21 ఏళ్లకి, 1968లో, తమ బింకాన్ని తామే అలా వెక్కిరించుకున్నారు. కథ నడిచేది 1895లో, బ్రిటిష్ ఇండియా సరిహద్దున ఖైబర్ కనుమ దగ్గర. కిల్టు (స్కాట్లండ్ మగవాళ్లు కట్టే గళ్ల లంగా) కింద ఏమీ వేసుకోరన్న పేరు మీదే అక్కడి స్కాటిష్ పటాలం శత్రువుల్ని భయపెడుతూ ఉంటుంది. ఒక సోల్జరు చెడ్డీతో దొరికిపోగానే పరువంతా పోతుంది. సామ్రాజ్యాన్ని ఇంతకంటే చిన్నబుచ్చడం కష్టం. ముందు అది ఒప్పుకుని రాయి.

ఒప్పుకున్నాక అవతలి పక్షానికి రా. దొరల మీద కుట్రపన్నే స్థానిక రాజు ఖాసీ పాత్రకి మంచి డైలాగులే ఉన్నాయి, కానీ వాటిని పలికింది కెన్నెత్ విలియమ్స్. కొండవాళ్ల నాయకుడు బంగ్డిట్ దిన్‌గా బెర్నార్డ్ బ్రెస్లా. ఇద్దరూ రంగు పూసుకున్న తెల్లవాళ్లే. ఖాసీ అంటే మనకి ఏదో బిరుదులా వినిపిస్తుంది గానీ, లండన్ వీధిభాషలో ఆ శబ్దానికి అర్థం మరుగుదొడ్డి. తెల్లవాళ్లలో ఒక్కొక్కరికీ ఒక్కో వెర్రి ఇచ్చారు. కొండవాళ్లలో ఎక్కువమందికి అరుస్తూ రావడం, చివర్లో పారిపోవడం, అంతే పని. ఖైబర్ కనుమని వేల్స్ కొండల్లో తీశారని కూడా మండిపడ్డావు. అది బడ్జెట్ సంగతమ్మా, వదిలెయ్.

ఇలాంటి వేషాలకి జవాబిచ్చినవాళ్లూ ఉన్నారు, వాళ్లని మర్చిపోయావు. 1960లో ‘ది మిలియనీరెస్’లో ఇంగ్లిష్ నటుడు పీటర్ సెల్లర్స్ భారతీయ డాక్టరు వేషం వేసి, ఆ సినిమా ప్రచారానికి సోఫియా లోరెన్‌తో ‘గుడ్‌నెస్ గ్రేషస్ మి’ పాట పాడాడు. 1990ల్లో బ్రిటన్‌లోని భారతీయ సంతతి నటులు మీరా స్యాల్, సంజీవ్ భాస్కర్‌ల బృందం అదే మాటని తమ బీబీసీ కామెడీకి పేరుగా పెట్టుకుంది. అందులో కొందరు భారతీయులు ఇంగ్లిష్ హోటల్‌కి వెళ్లి, అన్నిటికంటే చప్పటి వంటకం కావాలని గోల చేస్తారు, వెయిటర్ పేరు తప్పుగా పిలుస్తారు. యాస వాళ్లదే, నవ్వు ఎటు తిరగాలో తేల్చుకుందీ వాళ్లే.

నా తొలి హాస్యకథలో ఒక వాచ్‌మన్ ఉన్నాడు. అతనికి యాస తప్ప ఏమీ ఇవ్వలేదు. అచ్చయ్యాక ఒక పాఠకుడు కార్డు రాశాడు, ‘అతని పేరేమిటండీ?’ అని. పేరు పెట్టలేదని అప్పటికిగానీ నాకు తట్టలేదు.

రెండో డ్రాఫ్టు డిన్నర్ సీన్‌తో మొదలుపెట్టు. ఆదివారంలోగా పంపితే ఊరెళ్లేలోపు చూసి ఇస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు