కలంకారీ: చేతి గీతా, ప్రింటా?

ప్రశ్న: శ్రీకాళహస్తి కలంకారీ అని ఆన్‌లైన్‌లో చీర కొన్నాను. చేత్తో గీసిందో కాదో తెలిసేదెలా?

జవాబు: చీరలో ఒకే బొమ్మ రెండుచోట్ల ఉంటే, ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండు నెమళ్ల ఈకల గీతలు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటే అది స్క్రీన్ ప్రింటో, డిజిటల్ ప్రింటో. వెదురు కలానికి చుట్టిన గుడ్డను వేళ్లతో నొక్కుతూ గీస్తారు కాబట్టి అసలు గీత ఒకచోట లావుగా, రంగు అయిపోయేచోట సన్నగా ఉంటుంది. ఆ నలుపు ఇనుపముక్కలు, బెల్లం కలిపి నీళ్లలో పులియబెట్టిన కసిమి. కరక్కాయ పట్టిన బట్టలోకి ఇంకి వెనకవైపూ కనిపిస్తుంది. డిజిటల్ ప్రింటు వెనక వెలవెలబోతుంది. బట్ట మరీ పల్చనైతే ఈ ఒక్క పరీక్షనే నమ్మకండి. పాలవాసన గురించి చెబుతుంటారు గానీ, ఉతికితే పోయేదే. గేదెపాలు పట్టించేది రంగు పాకకుండా. అవి చాలకపోతే గీత అంచులు చెదురుతాయి.

మచిలీపట్నం దగ్గరి పెడనలో చేసే కలంకారీ చీరలో బొమ్మ మళ్లీ మళ్లీ వస్తుంది. అది నకిలీ కాదు, చెక్క అచ్చుల పని. అతుకుల దగ్గర అచ్చు కాస్త జరిగి కనిపిస్తుంది. దాన్ని శ్రీకాళహస్తి పేరుతో అమ్మితేనే మోసం. రెండింటికీ వేర్వేరు భౌగోళిక గుర్తింపులున్నాయి. బిల్లు మీద ‘పెన్ కలంకారీ, చేతిపని’ అని రాయించుకోండి. ‘కలంకారీ డిజైన్’ అని ఉంటే చాలావరకు ప్రింటే.