చీటీ ఉన్న మందు, చీటీ లేని మందు

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 44. ఏడాదిగా ఒంట్లో ఓపిక ఉండట్లేదు. సాయంత్రమయ్యేసరికి కూలబడిపోతున్నాను. భార్యతో కలయిక మీద ఆసక్తి పోయింది. రక్తపరీక్ష చేయిస్తే మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ 230 అని వచ్చింది. డాక్టర్ ఇంజెక్షన్ రాసిచ్చారు. కొన్నాను గానీ ఇంతవరకు వేయించుకోలేదు. అది స్టెరాయిడ్ అనీ, దగ్గర ఉంచుకుంటే కేసవుతుందనీ మా బావమరిది అన్నాడు. నేను ఉద్యోగరీత్యా విదేశాలకు వెళ్తుంటాను. ఆ మాట విన్నప్పటి నుంచి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇది చట్టబద్ధమేనా?
— పేరు రాయవద్దన్న పాఠకుడు

జవాబు: ముందు మీరు స్థిమితపడండి. మిమ్మల్ని పరీక్షించిన డాక్టర్ మీ పేరు మీద రాసిన మందును, రాసిన మోతాదులో, మీ కోసమే వాడుకుంటే అది వైద్యమే. అందులో దాచుకోవాల్సిందేమీ లేదు. టెస్టోస్టిరాన్‌ను ప్రయోగశాలలో మొదటిసారి తయారు చేసింది 1935లో. ఆ పనిలో ముఖ్యులైన బూటెనాంట్, రుజీచ్కాలకు 1939లో రసాయనశాస్త్ర నోబెల్ ప్రకటించారు. వృషణాలు పని చేయని మగవాళ్లకు డాక్టర్లు ఈ మందు ఇవ్వడం దాదాపు అప్పటి నుంచే ఉంది.

అలాగని మీ బావమరిది మాట పూర్తిగా కొట్టేయలేం. టెస్టోస్టిరాన్ అనబాలిక్ స్టెరాయిడే. ఉబ్బసానికీ కీళ్లవాపుకీ ఇచ్చే స్టెరాయిడ్లు వేరే జాతివి, వాటితో దీన్ని కలపకండి. ఇది కండ పెంచుతుంది కాబట్టి ఆటగాళ్లూ జిమ్‌లకు వెళ్లేవాళ్లూ దొంగచాటుగా వాడటం మొదలుపెట్టారు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో బెన్ జాన్సన్ పరుగుపందెంలో గెలిచిన బంగారు పతకాన్ని వెనక్కి తీసుకున్నది ఈ జాతికే చెందిన స్టానోజొలాల్ వల్ల. ఆ తర్వాత రెండేళ్లకు, 1990లో, అమెరికా అనబాలిక్ స్టెరాయిడ్లను నియంత్రిత మందుల మూడో షెడ్యూల్లో చేరుస్తూ చట్టం చేసింది. టెస్టోస్టిరాన్ కూడా ఆ జాబితాలోనే ఉంది. అక్కడ డాక్టర్ చీటీ ఆరు నెలలే చెల్లుతుంది, ఆ లోపు అయిదుసార్లకు మించి మళ్లీ నింపించుకోవడానికి వీల్లేదు. చీటీ లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం.

బ్రిటన్‌లో ఇది క్లాస్ సి మందు, అంటే నియంత్రిత మందుల మూడు తరగతుల్లో చివరిది. సొంత వాడకానికి దగ్గర ఉంచుకున్నవాళ్లను శిక్షించరు. ఇంకొకరికి ఇచ్చినా అమ్మినా మాత్రం శిక్ష 14 ఏళ్ల దాకా ఉండొచ్చు. భారతదేశంలో ఇది షెడ్యూల్ హెచ్ మందు, అంటే రిజిస్టరైన డాక్టర్ చీటీ లేకుండా చిల్లరగా అమ్మకూడదు. ఆస్ట్రేలియాలోనూ చీటీ మీదే ఇస్తారు. నల్లమందు, మార్ఫిన్ లాంటివాటి మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందాల్లో టెస్టోస్టిరాన్ లేదు. అందుకే దేశానికో పద్ధతి.

కాబట్టి ప్రయాణానికి ముందు, వెళ్లే దేశపు రాయబార కార్యాలయాన్ని గానీ అక్కడి ఔషధ నియంత్రణ శాఖను గానీ ఈమెయిల్‌లో అడగండి. జవాబును ప్రింటు తీసి పెట్టుకోండి. మందును దాని అసలు పెట్టెలోనే ఉంచండి, దాని మీద అంటించిన మీ పేరు చీటీ చింపకండి. డాక్టర్ లెటర్‌హెడ్ మీద రోగం పేరు, మందు శాస్త్రీయ నామం, మోతాదు రాయించుకోండి. ఆ ప్రయాణానికి సరిపడినంతే తీసుకెళ్లండి. మూడు నెలలకోసారి వేసే రకం ఇంజెక్షన్ అయితే మీ డాక్టర్ దగ్గరే వేయించుకుని బయల్దేరవచ్చు, సంచిలో ఏమీ ఉండదు. ఆ రకం వేశాక మాత్రం అరగంట అక్కడే కూర్చోవాలి. నూనెతో చేసిన మందు కాబట్టి అరుదుగా ఊపిరితిత్తుల్లోకి చేరి దగ్గు, ఆయాసం తెప్పిస్తుంది.

చట్టం గురించి మీరడిగినదానికి ఇది జవాబు. కానీ మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది ఇంకొకటి ఉంది: రక్తపరీక్ష. ఒక్కసారే చేయించినట్టున్నారు, అది ఏ వేళలోనో మీరు రాయలేదు. టెస్టోస్టిరాన్ తెల్లవారుజామున ఎక్కువగా ఉండి పొద్దెక్కేకొద్దీ తగ్గుతుంది. భోంచేసినా తగ్గుతుంది. జ్వరం వచ్చి తగ్గిన వారంలో చూసినా తక్కువగానే కనిపిస్తుంది. అందుకే పొద్దున్నే, పరగడుపున, వేరువేరు రోజుల్లో రెండుసార్లు చూడాలి. రెండుసార్లూ తక్కువగా ఉండి, లక్షణాలు కూడా ఉంటేనే లోపం అంటాం. హద్దు విషయంలో అమెరికన్ యూరాలజీ సంఘం డెసీలీటరుకు 300 నానోగ్రాములు అంటుంది, ఎండోక్రైన్ సొసైటీ 264 దగ్గర గీత గీస్తుంది. మీ 230 రెండింటికన్నా తక్కువే. అయినా అది సాయంత్రం తీసిన రక్తమైతే దాని మీద నేను ఇంజెక్షన్ రాయను.

ఎందుకింత పట్టుబడతానంటే, నేను హార్మోన్ల డాక్టర్‌గా కొత్తలో చూసిన ఒక మనిషిని ఇప్పటికీ మరచిపోలేదు. ముప్పయ్యారేళ్లుంటాయి. నీరసమని వెళ్తే ఎవరో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఏడాది వేయించుకున్నాడు. తలనొప్పి వస్తే మాత్రలు మింగుతూ గడిపాడు. నా గదిలోకి వస్తూ తలుపు చట్రానికి భుజం కొట్టుకున్నాడు. వెళ్లేటప్పుడు రెండో భుజం కొట్టుకున్నాడు. వెనక్కి పిలిచి కూర్చోబెట్టి, నా రెండు వేళ్లను అతని రెండు పక్కలా ఆడించాను. అతనికి కనపడలేదు. ఎదురుగా ఉన్నది బాగానే కనపడుతోంది, పక్కల చూపు పోయింది. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పరీక్ష, తలకు ఎమ్మారై చేయిస్తే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ బయటపడింది. అది కంటి నరాల్ని నొక్కుతోంది. టెస్టోస్టిరాన్ తగ్గింది కూడా దాని వల్లే. ఆ జాతి గడ్డలు చాలావరకు మాత్రలకే కరుగుతాయి. అతనిదీ కరిగింది, చూపు చాలామటుకు తిరిగి వచ్చింది. అతని దగ్గర ఉన్న చీటీ చట్టప్రకారం సరైనదే. కానీ ఎందుకు తగ్గిందని ఆ చీటీ రాసినవాళ్లు అడగలేదు.

మీరు మీ డాక్టర్ని ఆ ప్రశ్న అడగండి. పిట్యూటరీ వృషణాలకు పంపే ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ హార్మోన్లు చూస్తే లోపం వృషణాల్లో ఉందా, పైన పిట్యూటరీలో ఉందా తెలుస్తుంది. ప్రొలాక్టిన్ చూడాలి. నొప్పికి వాడే ఓపియాయిడ్ మందులు, దీర్ఘకాలం వాడిన కార్టిసోన్ రకం స్టెరాయిడ్లు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, స్థూలకాయం, ఇవన్నీ టెస్టోస్టిరాన్‌ను తగ్గించగలవు. బరువు బాగా తగ్గితే చాలామందిలో అది దానంతటదే పెరుగుతుంది. వయసుతో మామూలుగా తగ్గేదానికి ఈ మందు ఎంత క్షేమమో, ఎంత పనిచేస్తుందో రుజువు కాలేదని అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2015లో మందు లేబుళ్ల మీదే రాయించింది. అయినా డాక్టర్ తన విచక్షణతో రాస్తే అక్కడ నేరం కాదు. చట్టం వద్దనకపోవడం వేరు, మీ ఒంటికి అవసరం కావడం వేరు.

ఇక మందు నిజంగా అవసరమే అని తేలితే, నిశ్చింతగా వేయించుకోండి. గుండెపోటు భయం చాలా ఏళ్లు డాక్టర్లను కూడా వెంటాడింది. 2023లో వెలువడిన ట్రావర్స్ అధ్యయనంలో, గుండెజబ్బు ఉన్న, లేదా వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్న 5,200 మంది మగవాళ్లలో గుండెపోటు, పక్షవాతం ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకన్నా పెరగలేదు. గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం మాత్రం కొంచెం ఎక్కువ కనిపించాయి. అందుకే మొదలుపెట్టాక మూణ్ణెల్లకో ఆరు నెలలకో రక్తపరీక్ష తప్పదు. రక్తం చిక్కబడుతుంది. హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, 54 శాతం దాటితే ఆపాల్సిందే. మీ వయసుకి ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే పీఎస్ఏ రక్తపరీక్ష కూడా చేయించుకోండి. ఇంకా పిల్లలు కావాలనుకుంటుంటే ఆ ఇంజెక్షన్ ఇప్పుడే వేయించుకోకండి. కారణం కింది ఉత్తరంలో ఉంది.

ప్రశ్న: మేడం, నా భర్తకి 30 ఏళ్లు. పెళ్లై మూడేళ్లయింది. జిమ్‌లో ఎవరో చెప్పారని ఆన్‌లైన్‌లో టెస్టోస్టిరాన్ తెప్పించుకుని ఎనిమిది నెలలుగా తనే ఇంజెక్షన్ చేసుకుంటున్నారు. పిల్లల కోసం పరీక్ష చేయిస్తే వీర్యకణాలు సున్నా అని వచ్చింది. ఈ మందు సంగతి డాక్టర్‌కి చెబితే కేసు పెడతారని దాచమంటున్నారు. లోపం నాలోనే ఉందేమో అని అత్తగారు అంటున్నారు. నేనేం చేయాలి?
— ఒక చెల్లెలు

జవాబు: అమ్మా, మీ అత్తగారి మాట పక్కన పెట్టండి. ఎనిమిది నెలల ఇంజెక్షన్లు, సున్నా కణాలు, ఈ రెండూ కలిపి చూస్తే కారణం దాదాపు ఎదురుగానే ఉంది.

బయటి నుంచి టెస్టోస్టిరాన్ వస్తుంటే, ఇక మన అవసరం లేదని పిట్యూటరీ తన సంకేతాలు ఆపేస్తుంది. వృషణాలు నిద్రపోతాయి. రక్తంలో హార్మోన్ బోలెడంత ఉంటుంది గానీ, కణాలు తయారు కావాల్సిన వృషణాల లోపల అది అడుగంటిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే టెస్టోస్టిరాన్‌ను మగవాళ్ల గర్భనిరోధకంగా పరీక్షించి 1990లో ఫలితాలు ప్రకటించింది. వారానికి 200 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లలో ఎక్కువమందికి ఆరు నెలల్లో కణాలు సున్నాకి వచ్చాయి. మగతనం పెరుగుతుందని చేసుకున్న ఇంజెక్షన్ గర్భనిరోధకమైందని ఎదుటివాళ్లకు చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ నాకు బాధగానే ఉంటుంది. ఈ సంగతి ఆ జిమ్‌లో ఎవరూ చెప్పి ఉండరు.

ఆ గర్భనిరోధక పరీక్షల్లో మందు ఆపాక పదిమందిలో తొమ్మిదిమందికి ఏడాదిలోపు కణాలు తిరిగి వచ్చాయి. కొందరికి రెండేళ్లు పట్టింది. జిమ్ మోతాదులు ఎక్కువ, రకరకాల మందులు కలుపుతారు కాబట్టి మీవారికి ఇంకా ఆలస్యం కావచ్చు. ఆపిన కొత్తలో నీరసం, దిగులు గట్టిగా పట్టుకుంటాయి. అప్పుడే చాలామంది మళ్లీ సూది అందుకుంటారు. కాబట్టి డాక్టర్ చూస్తుండగా ఆపాలి. వృషణాల్ని మేల్కొలిపే హెచ్‌సీజీ, క్లోమిఫిన్ లాంటివి ఉన్నాయి. అవి ఇవ్వాలా వద్దా అన్నది ఆయన్ని పరీక్షించాక తేలే విషయం.

చట్టం మాటకొస్తే, చీటీ లేకుండా తెప్పించుకోవడం తప్పే. కొన్ని దేశాల్లో పోస్టులో తెప్పించుకోవడమే నేరం. కానీ రోగి చెప్పింది గుట్టుగా ఉంచడం డాక్టర్ బాధ్యత. మీవారు వైద్యం కోసం వస్తున్నారు, ఆ మందు అమ్మట్లేదు. నా గదిలో ఈ మాట చెప్పినవాళ్లెవరి మీదా నేను ఫిర్యాదు చేయలేదు. దాచిపెడితే మాత్రం అక్కర్లేని పరీక్షలతో, బహుశా అక్కర్లేని ఆపరేషన్‌తో నెలలు గడిచిపోతాయి. ఆ సీసాను కూడా తీసుకెళ్లండి. దొంగ సరుకులో లేబుల్ మీద ఉన్నదే లోపల ఉందన్న నమ్మకం లేదు. ఇద్దరూ కలిసి వెళ్లండి, మీ పరీక్షలూ అదే రోజు చేయించుకుంటే మీ మీద పడ్డ మాటకి కాగితం మీద జవాబు దొరుకుతుంది.

ప్రశ్న: నా వయసు 52. చిన్నప్పుడు జబ్బు చేసి రెండు వృషణాలూ తీసేశారు. రోజూ టెస్టోస్టిరాన్ జెల్ రాసుకుంటాను. సీనియర్ల వెయిట్‌లిఫ్టింగ్ పోటీకి పేరిద్దామనుకుంటున్నాను. డాక్టర్ చీటీ చూపిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఆ పోటీ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, అంటే వాడా, నియమాల కింద జరిగేదైతే టెస్టోస్టిరాన్ పోటీ రోజునే కాదు, ఏడాది పొడవునా నిషిద్ధమే. జెల్ అయినా అంతే. మీకు కావాల్సింది వైద్య అవసరం కింద ఇచ్చే ప్రత్యేక అనుమతి. వయసు వల్లనో బరువు వల్లనో తగ్గినవాళ్లకు అది ఇవ్వరు. మీలా వృషణాలు లేనివాళ్లకు, పుట్టుకతో క్లైన్‌ఫెల్టర్ అనే క్రోమోజోమ్ లోపం ఉన్నవాళ్లకు, పిట్యూటరీ దెబ్బతిన్నవాళ్లకు దారి ఉంది. పాత ఆపరేషన్ కాగితాలు, ఇప్పటి మోతాదు, రక్తపరీక్షలు కలిపి మీ డాక్టర్‌తో దరఖాస్తు నింపించండి. కాగితాలు దొరక్కపోతే ఇప్పుడు చేయించిన స్కాన్ జతపరచవచ్చు. జెల్ రాసుకున్న చోట చొక్కా కప్పుకునే ఉండండి, ఇంట్లో పిల్లలుంటే చేతులు సబ్బుతో కడిగాకే ఎత్తుకోండి. వాళ్ల చర్మానికి అంటితే వాళ్లకు వయసుకు ముందే మార్పులు వస్తాయి. అనుమతి పత్రం చేతికొచ్చాకే పోటీకి పేరివ్వండి.